ఇంట్లో తెలుగు మానేసిన రోజులు

రాయి నాన్నా, ఈ నాయనమ్మ చెప్పినట్టే రాయి. ఇందులో తప్పు నాది. దాన్ని మాత్రం దిద్దకు.

మీ చెల్లెలు నాలుగో తరగతిలో ఉండగా, బరంపురంలో దాని ఒడియా బడి టీచరమ్మ నన్ను పిలిపించింది. పిల్ల నోటితో గలగలా మాట్లాడుతుంది, పుస్తకం తెరిస్తే ఒక్క వరుస దాటదు. టీచరమ్మదీ మనలాగే తెలుగు ఇల్లు.

"ఇంట్లో ఏటి మాటాడతారమ్మా?"

"తెలుగేనమ్మా."

"అదీ సంగతి! రెండు బాషలు కలిపేస్తే బుర్రకెక్కదు. తెలుగు మాటాడితే మా నాన్న నన్ను గుమ్మంలో నిలబెట్టీవోడు. అందుకే టీచర్నయ్యాను. ఇలాగే ఉంటే మీ పిల్లకి మల్లీ నాలుగే."

నమ్మేశాను. ఆ సాయంత్రం నుంచి ఇంట్లో ఒడియా తప్ప మాట్లాడకూడదని నేనే హుకుం వేశాను. అన్నం అడగాలన్నా ఒడియాలోనే. నేను మాట తడుముకుంటుంటే నువ్వు పడీ పడీ నవ్వేవాడివి. మీ చెల్లెలు నవ్వలేదు. మెల్లగా ఏదీ అడగడమే మానేసింది. చదువు మాత్రం అంగుళం కదల్లేదు.

చివరికి మీ అమ్మ దాన్ని పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. నేనూ వెంట వెళ్లాను. డాక్టరమ్మ చాలాసేపు చదివించింది, రాయించింది, బొమ్మలు పేర్పించింది. నేను నేర్పిన తెలుగు అక్షరాలు కూడా రాసి చూపించమంది. వాటి దగ్గరా అదే తడబాటు. దీన్ని డిస్‌లెక్సియా అంటారని, తెలివితోగానీ ఇంటి భాషతోగానీ సంబంధం లేదని చెప్పింది. తెలుగు మాన్పించానని నేను గొప్పగా చెప్పుకున్నాను. ఆవిడ కలం కింద పెట్టింది. చదవలేని పిల్లకు ఉన్నదల్లా మాటే కదా, అదీ తీసేశారా అని అడిగింది.

ఆ రోజే హుకుం ఎత్తేశాను. పిల్ల మాత్రం చాన్నాళ్లు నాతో ఒడియాలోనే మాట్లాడింది, అదీ పలకరిస్తేనే.

డాక్టరమ్మ ఇచ్చిన కాగితాన్ని టీచరమ్మ ఒక్క చూపు చూసి పక్కన పెట్టేసింది.

"డాక్టర్లకేటమ్మా, ఏదో పేరెట్టేస్తారు. బద్దకానికి మందుంటాదా?"

"పోనీ, పాఠం మీరు సదివి ఇనిపించండి తల్లీ. నోటితోనే అడగండి. సెప్పలేకపోతే నాలుగులోనే ఉంచీయండి. నానింక మీ గుమ్మం తొక్కను."

అనేశాను. ఆవిడ ఇంకా మొదలుపెట్టని పాఠం తీసి, ఒక పేజీ ఒడియాలో గబగబా చదివింది. ఋషికుల్య నది గురించి. తర్వాత అడిగింది. పిల్ల తల వంచుకునే మొత్తం అప్పజెప్పింది. నది గంజాం దగ్గర సముద్రంలో కలుస్తుందని, అక్కడి ఇసుకలో తాబేళ్లు గుడ్లు పెడతాయని, ఆ వేళ లైట్లు వేయకూడదని. చివరిది పుస్తకంలో లేదట.

టీచరమ్మ పుస్తకం మూసింది.

"ఇన్నాల్లూ దీన్ని ఎనక బెంచీలో కూకోబెట్టాను," అంది.

తను పెట్టే పరీక్షకు ప్రశ్నలు తనే చదివి వినిపిస్తానంది. లెక్కల మాస్టారు మాత్రం తన పరీక్షకు అలా ఒప్పుకోలేదు. అందరికీ ఒకటే రూలన్నారు. సోమవారం మళ్లీ ఆయన దగ్గరికి వెళ్లాం. ఈసారి మా ముందు టీచరమ్మ నడిచింది.