వంకలు పెట్టే బావ

మా అక్క మొగుణ్ణి విమానాశ్రయంలో అందరూ ‘వంకరాయన’ అంటారు. మనిషి నిటారుగానే ఉంటాడు. చిన్న విమానంలో మీటర్ల ముందు కూర్చుని, దారి తప్పితే మీటరు పట్టుకుంటుందో లేదో చూడటానికి, కావాలని దారి తప్పించి ఎగరేయించడం ఆయన ఉద్యోగం. పొగమంచులో నేల కనిపించని పైలట్‌కు కిందికి దిగాలంటే, రన్‌వే పక్కనుంచి ఏటవాలుగా పైకి వెళ్లే రేడియో కిరణమే దిక్కు. దాన్ని పంపే యంత్రాన్ని చూసుకునేది నేను. నా పనికి వంక పెట్టేది బావ.

“నీ యంత్రం అచ్చం నీలాగేరా బామ్మర్దీ, మధ్యాహ్నమయ్యేసరికి వాలిపోతోంది” అని అందరూ వినేలా రేడియోలో అంటాడు. ఇంట్లోనూ అంతే. గోడకు పటం తగిలిస్తే వంకరగా ఉందంటాడు. అక్క సుత్తి ఆయన చేతికిచ్చి వెళ్లిపోతుంది.

ఇక మా విమానాశ్రయం పెద్దసారు. ఆయన్ని తలచుకుంటే ఇప్పటికీ నోరు చేదవుతుంది. పొగమంచు రోజుల్లో కొత్త రన్‌వే ప్రారంభమంటూ, ఆ సభ కోసం సరిగ్గా కిరణం పంపే నా యాంటెన్నాల ఎదురుగా రేకుల షెడ్డు వేయించాడు. ఇనుము అడ్డొస్తే కిరణం వంగిపోతుందని మొత్తుకున్నాను.

“ఒక్కరోజు ముచ్చటకి ఇంత గోలా?” అన్నాడు.

ముందురోజు బావ తనిఖీకొస్తే, పెద్దసారు కూడా దర్జాగా విమానమెక్కాడు. బావ పైలట్‌తో చెప్పి, ఉండాల్సిన ఎత్తు కంటే కిందికి దింపించాడు. అప్పుడు మీటరు ముల్లు పైకి లేచి ‘ఎక్కు’ అని చెప్పాలి. అది నడిమధ్యన కూర్చుని, అంతా సవ్యంగా ఉందంది. డాబాల మీద ఆరేసిన బట్టలు దగ్గరికొచ్చేశాయట. “పైకి! పైకి పోనివ్వండయ్యా!” అని పెద్దసారు పెట్టిన కేక కింద రేడియోలో నాకు వినిపించింది.

దిగగానే మూతి తుడుచుకుని, ముందు ఫోన్ తీశాడు.

“అమ్మలూ, రేపు విమానంలో రావద్దు. రైలెక్కు తల్లీ.”

ఫోన్ జేబులో వేసుకుని బావ భుజం మీద చెయ్యి వేశాడు. “బాగానే ఉందని చెప్పెయ్యండి. షెడ్డు ఎల్లుండి తీయించేస్తా.”

ఆ చెయ్యి చూస్తేనే నాకు రోత పుట్టింది. బావ దాన్ని పురుగును దులిపినట్టు దులిపేశాడు.

“మీ అమ్మాయిని విమానంలోనే రమ్మనండి సార్. ఇప్పుడే చెప్తాను, బాగుందని.”

“మా అమ్మాయి సంగతి వేరండీ.”

సిగ్గన్నది మచ్చుకైనా లేదు ఆ ముఖంలో. బావ నావైపు తిరిగి, “ఆపెయ్యరా” అన్నాడు. వెళ్లి యంత్రం ఆపేశాను.

మర్నాడు పొగమంచు విడిచేదాకా మొదటి విమానం రాలేదు. ఆలస్యమెందుకని అడిగినవాళ్లందరికీ పెద్దసారు నన్ను చూపించి, “ఇతగాడి యంత్రం చెడిపోయిందండీ” అని చెప్పాడు. కూతురి రైలు మాత్రం వేళకే వచ్చింది.