పసుపు వ్యాసంలో నేను కొట్టేసిన వాక్యం

ఆ వాక్యాన్ని పత్రికవాళ్లు తీసేయలేదు. నేనే కొట్టేశాను.

నాలుగేళ్లుగా అందరికీ ఇంకోలా చెబుతూ వచ్చాను. నేను రాసే పంపానని, జాగా చాలక వాళ్లే కోసేశారని. బడిలో తోటి ఉపాధ్యాయులకు అలాగే చెప్పాను. నా భార్యకూ అలాగే చెప్పాను. అన్నిటికంటే నీచంగా, ఆస్పత్రి వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్న ఒక మనిషికి చెప్పాను. పత్రికలో నా వ్యాసాలు దిద్దే మనిషి ఎవరో నాకు తెలియదు. మొహం చూడలేదు, గొంతు వినలేదు. నింద మోపడానికి అంతకంటే అనువైన మనిషి దొరకడు.

నేను హైస్కూల్లో సైన్స్ చెబుతాను. ఆర్మూర్‌లోనే ఇల్లు. పదేళ్లకు పైగా ఒక దినపత్రిక జిల్లా పేజీలో ప్రతి ఆదివారం సైన్స్ వింతల మీద చిన్న వ్యాసం రాస్తున్నాను. తేనెటీగ దారి ఎలా గుర్తుపెట్టుకుంటుంది, చనిపోయిన నక్షత్రం వెలుగు ఇంకా ఎందుకు కనిపిస్తుంది, ఇలాంటివి. మార్కెట్ యార్డుకు పోతే హమాలీలు కూడా ఆపి మాట్లాడేవాళ్లు. ఒకసారి పసుపు బస్తా వీపు మీద ఉండగానే ఒకాయన ఆగి అన్నాడు: "సారూ, ఆక్టోపస్‌కు మూడు గుండెలుంటయని రాసిండ్రు గదా. మా సేటుకు ఒక్కటి సుత లేదు, గది గూడ రాయరాదుండ్రి!" అందరూ నవ్వారు. సేటు కూడా నవ్వాడు. నేను ఇంటికి పోయి ఆ మాటను నా భార్యకు రెండుసార్లు చెప్పుకున్నాను. అంత మురిపెం నాకు.

ఆ మురిపెమే నన్ను పాడు చేసింది. ఆశ్చర్యం కలిగిస్తే జనం చదువుతారు, సందేహం కలిగిస్తే పేజీ తిప్పేస్తారు అని నాకు నేనే నేర్పుకున్నాను. "కావచ్చు", "ఇంకా తేలలేదు" లాంటి మాటలు నా వ్యాసాల్లోంచి ఒక్కొక్కటే రాలిపోయాయి. వాటి స్థానంలో ఒకే ముక్క వచ్చి కూర్చుంది: "పరిశోధనలో తేలింది". ఇప్పుడు ఎవరి నోట ఆ ముక్క విన్నా నాకు ఒళ్లు మండుతుంది. ఎవరు చేశారు, దేని మీద చేశారు, ఎంతవరకు తేలింది? ఇవేవీ చెప్పక్కర్లేకుండా నోరు మూయించే ముక్క అది.

పసుపు ఉడికించే రోజులవి. ఊరంతా ఆ మట్టి వాసన, పాలిష్ డ్రమ్ముల మోత. పసుపు మీద రాయకపోతే ఎలా అనుకున్నాను. పసుపుకు ఆ రంగునిచ్చే పదార్థం ప్రయోగశాలలో క్యాన్సర్ కణాలను చంపిందని చదివాను. అదే రాశాను. మన పొలంలో పండేది, మన వంటింట్లో ఉండేది ఇంత పని చేస్తుందని రాశాను. చివర ఈ వాక్యం పెట్టాను: "అయితే ఇది గాజు పళ్లెంలో పెంచిన కణాల మీద జరిగింది, మనిషి ఒంట్లో ఇలాగే జరుగుతుందని తేలలేదు, గడ్డ కనిపిస్తే డాక్టర్ దగ్గరికే పోవాలి." పైకి చదువుకున్నాను. మండుతున్న పొయ్యి మీద నీళ్లు చల్లినట్టు అనిపించింది. కొట్టేశాను. ఎవరూ అడగలేదు, ఎవరూ బెదిరించలేదు. వ్యాసం అందంగా ముగియాలని కొట్టేశాను.

నాకు తెలియక కాదు. గాజు పళ్లెంలో కణాలను చంపడం పెద్ద విషయం కాదని సైన్స్ చదివిన ఎవరికైనా తెలుసు. సబ్బు నీళ్లు పోసినా చస్తాయి. ఉప్పు ఎక్కువైనా చస్తాయి. అంతమాత్రాన సబ్బు నీళ్లు తాగుతామా? పైగా పసుపులోని ఆ పదార్థం నీళ్లలో సరిగా కరగదు. తిన్నదాంట్లో చాలా భాగం వచ్చినట్టే బయటికి పోతుంది. లోపలికి ఇంకిన కాస్తను కూడా పేగులు, కాలేయం వేరే రూపంలోకి మార్చి పంపించేస్తాయి. పళ్లెంలో కణాల మీద పోసినంత మోతాదు నెత్తురులోకి చేరడమే కష్టం. ఇంకా తమాషా ఏమిటంటే, ఆ పసుపు రంగు తనంతట తానే కాంతిలో మెరుస్తుంది. మందు పనిచేసిందో లేదో మెరుపును బట్టి చెప్పే పరీక్షలు కొన్ని ఉన్నాయి. వాటిలో పసుపు మెరుపును మందు గెలుపుగా లెక్కేసుకునే ప్రమాదం ఉంది. పరికరాన్నే మోసం చేయగల రంగు! ఇంతకంటే వింత ఏం కావాలి రాయడానికి? కానీ అది మా ఊరికి నచ్చే వింత కాదు. నచ్చే వింతనే రాశాను.

ఊరు ఎగిరి గంతేసింది. కమిషన్ ఏజెంట్లు నా వ్యాసాన్ని ఫ్లెక్సీ మీద అచ్చేయించి యార్డు గేటుకు కట్టారు. ఒకరోజు పొద్దున అక్కడే కుర్చీ వేసి కూర్చోబెట్టి నాకు శాలువా కప్పారు. గేటు పక్కన చాయ్, మిర్చి బజ్జీలు అమ్మే ఆమె అందరికీ చాయ్ తెచ్చింది. ఆమెది మోర్తాడ్. ఒకప్పుడు బీడీలు చుట్టేది, భర్త పోయాక ఇక్కడికి వచ్చి బండి పెట్టుకుంది. ఆమె కూతురు మా బడిలోనే చదివేది. ఆమెకు చదువు రాదు, నా వ్యాసాలన్నీ కూతురితో చదివించుకుని వినేది. నాకంటే పెద్దది, అక్కా అని పిలిచేవాణ్ణి.

చాయ్ గ్లాసు నా చేతిలో పెట్టి అక్కడే నిలబడింది.

"సారూ, జర ఒక్క మాట. గా రాసింది నిజమేనా? పసుపుతోని గడ్డలు కరుగుతయా?"

పక్కనున్న సేటు అందుకున్నాడు. "అబద్ధమైతే పేపర్ల ఎందుకేస్తరు? శాలువా ఎందుకు కప్పుతం? నువ్వు చాయ్ సంగతి చూడు."

"నీ శాలువా నాకెందుకు సేటూ, నేను సారును అడుగుతున్న."

భుజాల మీద శాలువా బరువు నాకు ఇప్పటికీ గుర్తే. నేను ఏమన్నానో కూడా గుర్తే. "పరిశోధనలో అట్లనే తేలింది అక్కా" అన్నాను. ఎందుకడుగుతున్నవని అడగలేదు. ఉన్నట్టుండి వచ్చి గడ్డల గురించి అడిగే ఆడమనిషిని ఆ మాట అడగకుండా ఎలా ఉండగలిగాను? నలుగురు నన్ను పొగుడుతున్నారు, అందుకే.

ఐదు నెలల తర్వాత పదో తరగతిలో ఆమ్లాలు, క్షారాల పాఠం. ఏటా చేసేదే: కాగితానికి పసుపు పూసి, దాని మీద సబ్బు నీటి చుక్క వేశాను. ఎర్రగా మారింది. వెనక బెంచీలోంచి చాయ్ బండి అక్క కూతురు లేచింది.

"సార్, గది సబ్బుతోనే అయితదా? ఒంట్ల చెడు రక్తం ఉంటే గూడ అయితదా?"

క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల నవ్వలేదు. గంట కొట్టాక ఆగమన్నాను. అప్పుడు చెప్పింది.

"మా అమ్మకు ఛాతిల గడ్డ ఉంది సార్. మీ పేపర్ చదివిన కాడికెళ్లి పసుపు కడుతుంది, పాలల్ల తాగుతుంది. కట్టిన గుడ్డ ఉతికితే ఎర్రగొస్తది. చెడు రక్తం గుంజుతుందంటది. సబ్బుకే గట్ల అయితదమ్మా అన్న. గది బట్టల సంగతి, గిది ఒంటి సంగతి అని నన్నే కొట్టింది."

పసుపు మరక మీద సబ్బు పడితే ఎర్రబడుతుందని మా ఊళ్లో తెలియని ఆడమనిషి లేదు. ఏళ్ల తరబడి పసుపు దుమ్ములో బండి పెట్టుకుని, రోజూ ఆ చీరలే ఉతుక్కునే ఆమెకు తెలియదా? తెలుసు. తెలిసినదాన్ని కూడా పక్కన పెట్టించింది నా వ్యాసం. ఏర్గట్లలో ఉన్న తమ్ముడి పొలం నుంచి పాలిష్ పట్టని కొమ్ములు ఏరి తెప్పించుకుందట, తానే దంచుకుందట. మంచి సరుకైతే త్వరగా కరుగుతుందని.

ఆ సాయంత్రమే బండి దగ్గరికి పోయి బతిమాలాను. మర్నాడు ముగ్గురం నిజామాబాద్‌లో దవాఖానకు పోయాం. డాక్టరమ్మ చూసింది, పరీక్షలకు రాసింది. "ఇన్ని రోజులు ఏం చేశావమ్మా?" అని అడిగింది. అక్క తన సంచిలోంచి నా వ్యాసం తీసి ఇచ్చింది. లామినేషన్ చేయించుకుంది దాన్ని. డాక్టరమ్మ మొదటి నుంచి చివరి దాకా చదివింది. "ఇది రాసినవాడు ఒక్కరోజు వచ్చి నా గది ముందు కూర్చుంటే బాగుండు" అంది. నేను అక్కడే, ఆమె ఎదురుగానే నిలబడి ఉన్నాను.

వరండాలో అక్క గోడకు ఆనుకుని కూర్చుని అడిగింది. "డాక్టరమ్మ గట్లంటుందేంది సారూ? మరి మీరు గట్లెందుకు రాసిండ్రు?"

అప్పుడే ఆ అబద్ధం పుట్టింది. "నేను మంచిగనే రాసిన అక్కా. డాక్టర్ దగ్గరికే పోవాలని చివర రాసిన. పేపరోళ్లు జాగ లేదని కోసిండ్రు."

నమ్మింది. వెంటనే, ఒక్క ప్రశ్న వేయకుండా.

తర్వాతిదంతా ఆమె భరించింది. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి కుడి రొమ్ము తీసేశారు. గడ్డ అప్పటికే చంక దాకా పాకింది, అక్కడా తీశారు. మందులకు జుట్టంతా ఊడింది. ముందే వచ్చి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదేమో అన్నారు డాక్టర్లు. బతికింది. కానీ కుడి చెయ్యి వాచిపోయి ఉంటుంది, బజ్జీల పిండి కలపలేదు. ఇప్పుడు బండి మీద చాయ్ ఒక్కటే. ఆరు నెలలకోసారి పరీక్షకు పోయినప్పుడల్లా ఫలితం వచ్చేదాకా తల్లీకూతుళ్లకు తిండి సహించదు.

ఈ నాలుగేళ్లూ ఆమె తిడుతూనే ఉంది. నన్ను కాదు. "గా పేపరోళ్ల చేతులు పడిపోను, మా సారు మంచిగ రాస్తే కోసిండ్రు" అని బండి దగ్గర ఆగిన ప్రతివాడికీ చెప్పేది. నేను పోతే నాకు అల్లం ఎక్కువ వేసి చాయ్ ఇచ్చేది. తాగాను. సిగ్గు లేకుండా నాలుగేళ్లు తాగాను. మధ్యలో పసుపుతో గడ్డలు కరగవని పత్రికలో ఒక సవరణ కూడా రాశాను, ఎక్కడా "నేను" అనే మాట రాకుండా జాగ్రత్తగా. దానికే సేటు మొహం మాడ్చుకుని, "మన పంటను మనమే బద్నాం చేసుకుంటమా సారూ?" అన్నాడు.

ఈ సీజన్‌లో ఒక పొద్దున యార్డు గేటు దగ్గర గొడవ వినిపించి ఆగాను. సేటు మనుషులు ఆ పాత ఫ్లెక్సీనే కొత్తగా అచ్చేయించి కడుతున్నారు. ఆమె ఎడమ చేత్తో దాని అంచు పట్టుకుని గుంజుతోంది.

"తియ్యి దాన్ని! ఇంకెంతమందిని చంపుతవు సేటూ?"

"నేను రాసిన్నా? నీ సారే రాసిండు, పోయి ఆయన్ని అడుగు."

"మా సారు గిట్ల రాయలే! దవాఖానకు పొమ్మనే రాసిండు. పేపరోళ్లు కోసిండ్రు. మా సారునంటే మంచిగుండదు, చెప్తున్న."

హమాలీలు బస్తాలు దించి చూస్తున్నారు. మూడు గుండెల జోకు వేసినాయన కూడా ఉన్నాడు. నాలుగేళ్ల కింద నాకు శాలువా కప్పింది ఆ జాగాలోనే. ఆమె వాచిన కుడి చెయ్యి పక్కకు వేలాడుతోంది. నా కోసం కొట్లాడుతోంది.

పోయి ఫ్లెక్సీ రెండో అంచు పట్టుకుని గుంజాను. తాడు తెగింది.

"అక్కా, పేపరోళ్లు కోయలే. నేనే కొట్టేసిన."

ఆమెకు మొదట అర్థం కాలేదు. నవ్వబోయింది కూడా. "ఏందీ?"

"డాక్టర్ దగ్గరికి పోవాలనే మాట నేనే రాసి, నేనే కొట్టేసిన. మంచిగ కనబడాలని. దవాఖానల నీకు అబద్ధం చెప్పిన."

సేటు ఏదో అనబోయాడు. ఆమె చెయ్యెత్తి ఆపింది. మొదటిసారి నన్ను నువ్వు అంది.

"మరి నాలుగేండ్లసంది నేను ఎవల్ని తిట్టిన? నువ్వు రోజూ నా చాయ్ తాగుకుంట వింటివి గదా, ఒక్కనాడన్న నోరు రాలేదా నీకు?"

"రాలేదక్కా. భయపడ్డ. గా తిట్లన్నీ నాయే. ఆ రోజు గిక్కడనే నువ్వు అడిగితే, ఎందుకడుగుతున్నవని నేను అడగలే. అడిగితే నువ్వు ఐదు నెలలు ముందుగాల దవాఖానకు పోతుంటివి. నీ చేతికి, నీ ఒంటికి అయినదాంట్ల నా పాపం ఉంది. అందరి ముందర చెప్తున్న. తప్పు నాది అక్కా. నన్ను మాఫ్ చెయ్యి."