శ్వాస పల్చబడింది

తెలంగాణ వచ్చిన కొత్తలో మా నాయినకు శ్వాస పల్చబడటం మొదలైంది. మా ఇంట్లో అది సంబరపడే మాట.

నాయిన, అన్న ఇద్దరూ అచ్చంపేట తోవలో కంకర మిషన్ మీద పనిచేసేవాళ్ళు. పొద్దుగూకి ఇంటికొస్తే కనురెప్పల మీద కూడా తెల్లటి పొడి ఉండేది. నాయిన పక్క ఊరి గురువు దగ్గర బోధ తీసుకున్నాడు. స్నానం చేసి, బువ్వకు ముందే గొంగడి పరుచుకుని కూర్చునేవాడు. ఒంటికి తొమ్మిది వాకిళ్ళు, పదోది మాడు మీద మూసి ఉంటుందట. ఇడ, పింగళ నాడులు రెండూ ఆగి, ప్రాణం వెన్నులోని సుషుమ్నలోకి ఎక్కితే బయటి శ్వాస తనంతట తనే తగ్గిపోతుందట. ఆయన చెప్తుంటే వినబుద్ధయ్యేది. రోజంతా రాళ్ళ మోతలో ఉండే మనిషికి లోపల అంత నిమ్మళమైన తోవ ఒకటుందంటే ఎవరికి చేదు?

తర్వాత గడప దాటితే ఆయాసం వచ్చేది. మాట మధ్యలో తెగేది. పున్నానికి మా ఇంట్లో తత్వాలు పాడటానికి వచ్చిన గురుసోదరులు అది చూసి మురిసిపోయారు.

"మీ నాయినకు కుంభకం నిలుస్తాంది బిడ్డా, ఊపిరి లోపల్నే ఆగుతాంది. గిది అందరికి వచ్చేది గాదు" అన్నాడు వాళ్ళలో పెద్దాయన. నాయిన సిగ్గుపడుతూ నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది.

"పాలమూరు దవాఖానకు పోదాం నాయినా" అంటే, "నువ్వు ఫికర్ జెయ్యకు. సాధన పండితే గిట్లనే ఉంటది" అనేవాడు. దగ్గు వస్తే నాడులు శుద్ధి అవుతున్నాయి. ఒళ్ళు కరిగిపోతే దేహం తేలికవుతోంది. ఏది అడిగినా ఆయన దగ్గర జవాబుండేది.

పడుకుంటే ఊపిరాడని స్థితికి వచ్చాకే ఆటోలో తీసుకుపోయాం. డాక్టర్ ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూసి, ఊపిరితిత్తుల నిండా రాతి దుమ్మేనని, ముందే ఆ పని మాన్పించాల్సిందని చెప్పాడు. ఇంటికి తెచ్చుకున్నాం. నాయిన గోడకు ఆనుకుని కూర్చునే పోయాడు.

బోధ తీసుకున్నవాళ్ళను కూర్చోబెట్టే సమాధి చేస్తారు. అంతకుముందు పెద్దాయన నాయిన మాడు మీద అరచెయ్యి పెట్టి, "వెచ్చగున్నది. పదో వాకిలికెల్లి పోయిండు" అన్నాడు.

"మీరు లేరు, నేనున్న" అంది అమ్మ. "నోరు తెర్సి గాలి కోసం కొట్టుకున్నడు. నోట్లెకెల్లే పోయిండు."

తెరుచుకున్న నోటిని మూసి గుడ్డతో గదవ కట్టారు. కాసేపటికి ఎవరో తంబుర అందుకున్నారు.

ఏటా ఆ రోజు సమాధి దగ్గర దీపం పెడతాం. నాయిన పోయాక అన్న కూడా బోధ తీసుకున్నాడు. మిషన్ పని మాత్రం మానలేదు. మానితే ఇల్లెట్లా గడుస్తుందంటాడు. మొన్న దీపం పెట్టడానికి పోతూ పొలం గట్టు మధ్యలో ఆగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగాడు. పరిగెత్తి పట్టుకున్నాను. మొహమెత్తి నవ్వాడు. అచ్చం నాయిన నవ్వే.

"నాకు గూడ శ్వాస పల్చబడుతాంది చెల్లె."

అమ్మ చేతిలోని పళ్ళెం కింద పెట్టి అతని రెక్క పట్టుకుంది. "నడువు, దవాఖానకు."

"దీపం వెట్టినంక పోదాంలేవే" అని మెల్లగా చెయ్యి విడిపించుకున్నాడు. సమాధి దగ్గరకు నడిచి దీపం వెలిగించి, దాని ముందు కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. అమ్మా నేనూ పక్కన నిలబడి, అతని రొమ్ము కదులుతోందా లేదా అని చూస్తూ ఉన్నాం.