సులైబియా రోడ్డు పక్కన ఉత్తరాల పెట్టెలు

మొన్న ఆదివారం మా వీధివాళ్లంతా కూర్చుని, పార్సిళ్లు తెచ్చేవాళ్లు ఇంటింటికీ తిరిగే అవసరం లేకుండా వీధి మొదట్లో అందరికీ కలిపి ఒక ఇనుప స్టాండు నిలబెట్టి, ఇంటికొక పెట్టె బిగిద్దామని తీర్మానించారు. ఎత్తు ఎంత ఉండాలి, తాళాలు ఎవరి దగ్గర ఉండాలి అని వాళ్లు వాదించుకుంటుంటే నాకు నవ్వొచ్చింది. అటువంటి స్టాండు ఒకటి నేనూ కట్టాను. ఇక్కడ కాదు, కువైత్‌లో, సులైబియాలో, ఇరాక్ సైన్యం వచ్చిపడిన ఏడు.

చిన్నాయనా నేనూ అక్కడొక తోటలో పనిచేసేవాళ్లం. ఆ రోడ్డు వెంబడి ఐదు ఇళ్లు, ఇళ్లంటే రేకుల గదులే, అన్నింట్లోనూ మన కడపవైపువాళ్లే. మా ఉత్తరాలన్నీ మాకు వీసాలిచ్చి పనికి పెట్టుకున్న అరబ్బు యజమాని, అదే మా కఫీల్, ఊళ్లో పెట్టుకున్న పోస్టుపెట్టెకు చేరితే, నీళ్ల ట్యాంకరు తోలే పఠాన్ వాటిని తెచ్చి మొదటి ఇంటి ముందు కుప్ప పోసి పోయేవాడు. కొన్ని గాలికెగిరేవి, కొన్ని మేకలు నమిలేవి. ఒకరి చెల్లెలి పెళ్లి కబురు మేక కడుపులోకి పోయాక ఇక లాభం లేదనుకుని, కాస్త వడ్రంగం వచ్చిన పాపానికి నేనే పూనుకున్నాను. సామాన్లు వచ్చే చెక్కపెట్టెలు విప్పి, రెండు కొయ్యలు రోడ్డు పక్కన పాతి, అడ్డపలక మీద ఐదు పెట్టెలు బిగించి, ఒక్కోదానికి ఒక అంకె, అంకె కింద అరబ్బీలో కఫీల్ పేరు రాయించాను. చిన్నాయన ఊరుకుంటాడా, కొత్తింటి గడపకు చేసినట్టే ఆ కొయ్యలకు పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టాడు. పఠాన్ దాన్ని మా దేవుడనుకున్నాడేమో, ఆనాటి నుంచి ట్యాంకరు నాలుగు బారల దూరంలో ఆపి నడిచొచ్చేవాడు. మేమూ కాదని చెప్పలేదు.

మా అక్క సాల్మియాలో ఒకరింట్లో పనికుండేది. ఆమెకు చదువు రాదు. ఎప్పుడైనా శుక్రవారం సెలవిస్తే మమ్మల్ని చూడ్డానికి వచ్చేది. మా వైపు గోడలన్నీ ఒకటే మట్టిరంగు, మలుపులన్నీ ఒకటే పోలిక, అందుకని మా స్టాండు కనబడ్డచోట బండి ఆపించడమే ఆమెకు తెలిసిన అడ్రసు.

సైన్యం వచ్చాక ఉత్తరాలు ఆగిపోయాయి. అయినా పొద్దున లేస్తే ఐదిళ్లవాళ్లం ఆ ఖాళీ పెట్టెల్లోకి తొంగిచూసేవాళ్లం, అలవాటు అటువంటిది. సైనికులకు ఇళ్లు దొరకకూడదని కువైతీలు వీధి పేర్లూ ఇంటి నంబర్లూ పీకేస్తున్న రోజులవి. మా కఫీల్ కూడా హడావుడిగా వచ్చి, ఆ పెట్టెలు ఉండడానికి వీల్లేదు, ఖలాస్ అన్నాడు. తన పేరు రోడ్డు మీద ఉంటే ప్రాణానికి ముప్పని ఆయన భయం, అదీ నిజమే. సరిగ్గా అప్పుడే పఠాన్ కబురు తెచ్చాడు. అక్క ‘మామా’ అని పిలిచే ఆ ఇంటి యజమానురాలు కుటుంబంతో సౌదీకి పోతోందట, అక్క ఏదో ఒక బండి పట్టుకుని మా దగ్గరికే వస్తానన్నదట. ఐదిళ్లవాళ్లం కలిసి జోర్డాన్ వైపు పోవడానికి మాట్లాడుకున్న బస్సేమో ఎల్లుండి. అది తప్పితే మళ్లీ బస్సు దొరుకుతుందో లేదో ఎవరికీ తెలియదు. నేనే పోయి తీసుకొస్తానంటే, దారంతా తనిఖీలు, చెరో దారిలో చిక్కుకుంటే ఎలాగని చిన్నాయన పోనివ్వలేదు.

పెట్టెలు ఊడదీశాను. కొయ్యలు కూడా తవ్వబోతుంటే చిన్నాయన నా చెయ్యి పట్టుకున్నాడు.

“కొయ్యలు పీకొద్దురా. అంకెల్తో దానికేం పని? పసుపు కనపడితే సాలు, నా బిడ్డ దిగుతాది.”

వంటకని దాచుకున్న పసుపంతా కలిపి ఆ కొయ్యలకు పూశాడు. ఎండకు వెలవెలబోతే మర్నాడు మళ్లీ పూశాడు, మా పప్పు తెల్లగా ఉడికింది. ఒక జీపు ఆగి సైనికుడొకడు దిగి, ఆ పసుపును గోటితో గీకి వాసన చూస్తుంటే మా పై ప్రాణాలు పైనే పోయాయి. వాడికేం అర్థమైందో, చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని వెళ్లిపోయాడు.

బస్సు బయలుదేరే రోజు పొద్దెక్కాక, టమాటాల బండి ఒకటి మమ్మల్ని దాటిపోయి, కొంత దూరంలో కీచుమని ఆగింది. వెనక బుట్టల మధ్య ఒళ్లంతా నల్ల అబాయా కప్పుకున్న ఒక మనిషి రెండు చేతులతో బండి పైకప్పును బాదుతోంది. దగ్గరికొచ్చేదాకా అక్క అని నేను గుర్తుపట్టలేదు. ఆమె మాత్రం నన్ను తిడుతూనే వచ్చింది, “ఏందిరా ఆ నిలబడేది, మూట అందుకో” అని. నేను మూట అందుకోలేదు, ఆమె భుజం పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. చిన్నాయన అటు తిరిగి, కొయ్యల దగ్గర ఏదో పనున్నట్టు నిలబడ్డాడు.

ముగ్గురం ఒకే బస్సులో, ఒకే సీటులో ఇరుక్కుని బయటపడ్డాం. చిన్నాయన పోయి చాలా ఏళ్లయింది. అక్క ఇల్లు ఇప్పుడు మా ఇంటికి రెండు వీధుల అవతలే. రోజూ పొద్దున ఆమె మనవరాలు ఆమె పేరు మీద నా ఫోనుకు ఒక పువ్వు బొమ్మ పంపుతుంది, నేనొక దండం బొమ్మ పంపుతాను. అక్కడితో ఇద్దరం బాగున్నట్టే లెక్క. ఆమె ముఖం చూసి నెల దాటింది. ఎవరెక్కడున్నారో తెలియక అల్లాడిన కాలం పోయినందుకు సంతోషమే, కానీ ఆ ఎండలో రోడ్డు మీద నిలబడి ప్రతి బండిలోనూ అక్కను వెతికిన మనిషిని నేనేనా అని ఈమధ్య నాకే అనుమానం వస్తోంది.