ఇరవై సెకన్ల తప్పు

నాగలతది ఖానాపురం హవేలి. దుమ్ముగూడెం దగ్గర హాస్టల్ బడిలో కంప్యూటర్ టీచర్. అదే బడిలో వంట చేసే జంపక్క, శుక్రవారం వచ్చిందంటే చాలు, మధ్యాహ్నం గిన్నెలు బోర్లించి కంప్యూటర్ గదికి వస్తుంది. పన్నెండేళ్ల కింద జ్వరంతో పోయిన ఆమె మొగుడు రామన్న పాడిన పెళ్లిపాట ఒకటి అక్కడి పాత కంప్యూటర్‌లో ఉంది. ఎవరో వచ్చి రికార్డు చేసింది. జంపక్క దగ్గర ఆయన ఫొటో కూడా లేదు.

ఈ ఏడు ఆ కంప్యూటర్ మొరాయించడం మొదలుపెట్టింది. పాట వినిపించే సాఫ్ట్‌వేర్ కొత్తవాటిలో నడవదు. దానికి కావలసిన లైబ్రరీ, అంటే లోపల పాటను విప్పి వినిపించే ప్రోగ్రాం ముక్క, చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. లోపలేముందో వాళ్లు ఎవరికీ చూపలేదు.

"ఇగ పోయినట్టేనా మేడం?"

"పోనియ్య జంపక్కా. వాళ్ల లైబ్రరీని ఏమడిగితే ఏం చెప్తదో చూసి, గట్లనే చెప్పేది నేనే రాస్త. ఎవరైనా ఫ్రీగా వాడుకోవచ్చు."

"అంటే కూర రుచి చూసి, ఎట్ల చేసిన్రో అడక్కుండ వండినట్టా?"

"అవ్, గదే! నువ్వే కంప్యూటర్ టీచరైపోరాదు."

మూడు నెలలు పట్టింది. పాత కంప్యూటర్ లేచిన ప్రతిరోజూ అడగడం, జవాబు నోట్సులో రాసుకోవడం. ఒక్కచోట తేడా దొరికింది. నాలుగు నిమిషాల పాటను పాత లైబ్రరీ ఇరవై సెకన్లు సాగదీస్తోంది. కంపెనీవాళ్ల లెక్క తప్పు! నాగలత హుషారుగా దిద్దేసింది. ఆ వారమే పాత కంప్యూటర్ పూర్తిగా ఆగిపోయింది.

శుక్రవారం జంపక్క కొంగుతో చేతులు తుడుచుకుని కూర్చుంది. ముందే కొత్త కంప్యూటర్‌లోకి ఎక్కించి పెట్టిన పాట మొదలైంది. చురుకైన, సన్నని, పడుచు గొంతు.

"ఎవరీయన?"

"రామన్ననే. అసలు గొంతు ఇదే జంపక్కా. ఇన్నేండ్లు తప్పుగ విన్నం."

"నా మొగుణ్ణి నాకే చూపిస్తున్నవా బిడ్డా?" నవ్వబోయి ఆగిపోయింది. మళ్లీ పెట్టమంది. తల వంచుకుని చివరిదాకా విన్నది. "ఏమో... గిట్లనే ఉండెనేమో. నాకు యాదికొస్తలేదు."

నాగలత కీబోర్డు ముందుకు లాక్కుంది. ప్రోగ్రాంలో తను దిద్దిన వరుస తీసేసి, నోట్సులో వెతికి, కంపెనీవాళ్ల తప్పును ఉన్నదున్నట్టు మళ్లీ రాసింది. ఈసారి గొంతు నిదానంగా, బరువుగా వచ్చింది.

"అవ్," అంది జంపక్క కళ్లు మూసుకుని. "వచ్చిండు."

లైబ్రరీని అందరికీ వదిలే ముందు నాగలత ఆ వరుస పక్కన ఒక మాట రాసి పెట్టింది: ఇది తప్పే. దయచేసి దిద్దకండి.