తేడా రాని కొలత

1934 వేసవిలో నన్ను కోయిలకుంట్ల తాలూకాలో ఒక ఊరి రీసర్వేకు డిప్యూటీ సర్వేయరుగా వేశారు. అప్పటికి నా ఉద్యోగం ఖాయం కాలేదు. పని బాగుందని హెడ్ సర్వేయరు రాస్తేనే అది జరిగేది.

పొలిమేర రాళ్ల మీద వరసగా కోణాలు కొలిచే థియోడొలైటు నిలబెట్టి, ఒక్కో రాయి దగ్గర కోణం చదువుతూ, ఊరంతా చుట్టి బయలుదేరిన రాయికే రావాలి. కోణాలన్నీ కూడితే జ్యామితి చెప్పిన మొత్తం రావాలి. మామూలుగా రాదు. ఎండకు గాలి మరుగుతుంది, దూరాన తర్వాతి రాయి దగ్గర గురికోసం పట్టుకున్న జెండా వణుకుతున్నట్టు కనిపిస్తుంది. అందుకే కొద్దిపాటి తేడాను శాఖే ఒప్పుకుంటుంది.

నేను బడిలో చదివింది ఎనిమిదో తరగతే. తక్కినదంతా కర్నూలు గ్రంథాలయంలో నేర్చుకున్నాను. విశ్వానికి ఒక మొదలుందని కొందరు శాస్త్రజ్ఞులు అంటున్నట్టు అక్కడే చదివాను. చదివింది ఎవరికైనా చెప్పందే నాకు తోచేది కాదు.

ఒక సాయంత్రం గుడారం ముందు తోటి సర్వేయరు దేవదానం దొరికాడు. తాతల నాటి నుంచి చర్చికి పోయే కుటుంబం వాళ్లది. భూమి సూర్యుడికి మరీ దగ్గరైతే మాడిపోయేది, మరీ దూరమైతే గడ్డకట్టేది. ఇంత సరిగ్గా కుదిరిందంటే కుదిర్చిన చెయ్యి ఒకటుందని సైన్సే చెబుతోందని వాదించాను.

"దేవుడుండాడని నేనూ నమ్ముతాండానప్పా. నీ లెక్క మాత్రం దానికి సాక్ష్యం గాదు. అనుకోకుండా కుదిరిండొచ్చు గదా?" అన్నాడు.

"అనుకోకుండానా! ఏమప్పా, నువ్వు ఆదివారం చర్చికి పోయేది కునుకు తీసేకా?" అన్నాను.

కొలత గొలుసు పట్టే కూలీలు పగలబడి నవ్వారు. మంచం మీద పడుకున్న హెడ్ సర్వేయరు ఖాదర్ సాహెబు అంతా వింటున్నాడు.

ఆ వారంలోనే ఊరు చుట్టడం ముగించి కోణాలన్నీ కూడి చూశాను. తేడా సున్నా. మళ్లీ మళ్లీ కూడి చూసుకుని, గర్వంగా సాహెబు ముందు పెట్టాను.

మా శాఖలో తేడా రాని కొలతను మెచ్చుకోరు, అనుమానిస్తారు. గుడారంలో కూర్చుని అంకెలు దిద్దేవాళ్లుంటారు. దొరికితే ఉద్యోగం పోతుంది.

సాహెబు కళ్లద్దాలు తీశాడు. "ఇంత సరిగ్గా కుదిరిందంటే ఎనక ఒక చెయ్యి ఉండాదని మొన్న నువ్వే చెప్తివి గదప్పా. ఎవురిదా చెయ్యి?"

కూలీలూ దేవదానమూ అక్కడే ఉన్నారు. నేను ఒక్క అంకె కూడా దిద్దలేదు. కానీ చెప్పుకోవడానికి నాకు దొరికిన మాట ఒక్కటే.

"అనుకోకుండా కుదిరింది, సార్."

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. దేవదానమే ముందుకు వచ్చి, "కుదురుతాది సార్. మళ్లీ కొలవండి, జెండా నేను పట్టుకుంటా" అన్నాడు. నేను తల ఎత్తి అతన్ని చూడలేకపోయాను.

సాహెబు తానే ప్రతి రాయి దగ్గరా కోణం చదివాడు. ఆయన కోణాలకూ నా కోణాలకూ అక్కడక్కడ స్వల్పంగా తేడా ఉంది. ఆయన మొత్తంలో తేడా సున్నా రాలేదు. దిద్ది ఉంటే ఏదో ఒక రాయి దగ్గర పెద్ద తేడా బయటపడేది; అది లేదు కాబట్టి నేను దిద్దలేదని తేలింది. నా కోణాల్లోనూ తప్పులున్నాయి. కొన్ని ఎక్కువ, కొన్ని తక్కువ అయి ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి.

"ఇంగోసారి కొంచిమన్నా తేడా తీసకరాప్పా, నిమ్మళంగా సంతకం పెడతా" అన్నాడు సాహెబు. అప్పుడు నవ్వారు కూలీలు.

ఉద్యోగం ఖాయమైంది. ఆకాశం గురించి చదవడం మానలేదు, దేవుణ్ణి నమ్మడమూ మానలేదు. లెక్క కుదరడాన్ని సాక్ష్యంగా చూపడం మాత్రం మానేశాను. తర్వాతి కాలంలో నా కింద పనిచేసినవాళ్లకు ఎప్పుడైనా సున్నా వస్తే, ఏమీ అడక్కుండా ముందు రాళ్ల దగ్గరికి పోయి నేనే కొలిచేవాణ్ణి.