వేటకెళ్ళినవాడి కూతురు

మా తీరంలో చేపలకు పోవడాన్ని వేట అంటారు. వేటకు బయల్దేరే మనిషిని ఎప్పుడొస్తావని అడగకూడదు. తిరిగి రానివాణ్ణి చచ్చిపోయాడని అనకూడదు. శవం ఒడ్డుకు వచ్చేదాకా అతను వేటలో ఉన్నట్టే. మా తమ్ముడి పడవ దొరికింది, తమ్ముడు దొరకలేదు. ఎవరడిగినా అమ్మ "ఏటకెల్నాడు" అనే చెప్పేది. రోజూ సాయంత్రం వాడి గిన్నెలో వాడి వంతు అన్నం తీసి మూత పెట్టేది. పొద్దున్నే ఆ చద్దన్నం తినాల్సింది నేను. పక్కనే కూర్చుని వాడు చూస్తున్నట్టుండేది. ఆ గిన్నెంటే నాకు భయం.

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది చీపురుపల్లి నుంచి ఒకామె చిన్న ఆడపిల్లను వెంటబెట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. తమ్ముడు ఎండుచేపలు అమ్మడానికి ఆ ఊరి సంతకు వెళ్ళేవాడు. అక్కడే గుళ్ళో ఆమెకు తాళి కట్టాడట. మాకెవరికీ చెప్పలేదు, దొంగ వెధవ.

"ఈ గుంట మీ తమ్ముడి కూతురు, వదినా. బళ్ళో ఏద్దావంటే తండ్రెవలని అడుగుతన్నారు" అంది.

అమ్మ ఆ పిల్ల వైపు చూడనైనా లేదు. "ఆడొచ్చినాక ఆడినే అడుగు" అంది.

పిల్ల గుమ్మంలో ఒంటికాలి మీద నిలబడి, రెండో పాదంతో పిక్క గోక్కుంటోంది. తమ్ముడు అచ్చం అలాగే నిలబడేవాడు. వాడు కనబడకుండా పోయేనాటికి ఈ పిల్ల ఇంకా తల్లి కడుపులోనే ఉంది, చూసి నేర్చుకునే వీల్లేదు. పట్టపగలు నాకు ఒళ్ళు జలదరించింది. ఆ తర్వాత పరీక్షలూ కాగితాలూ నాకెందుకు? కానీ నిలబడే తీరు చూసి మా పేట పెద్దలు ఎవరినీ కూతురని ఒప్పుకోరు. చివరికి డీఎన్ఏ పరీక్ష మాట పిల్ల తల్లే ఎత్తింది. నీ కొడుకు మీద పడ్డ నింద తేలిపోతుందని నచ్చజెప్పి అమ్మను బయల్దేరదీశాను.

విజయనగరంలో నమూనాలు తీసుకునే చోట ఒక కుర్ర డాక్టరు అమ్మను అడిగాడు. "మీ అబ్బాయి ఎక్కడున్నారమ్మా?"

"ఏటకెల్నాడు బాబూ."

"అయితే వచ్చాక ఆయన్నే తీసుకురండి. తండ్రి ఉండగా మీ నమూనా ఎందుకు?" అని పెన్ను మూసేశాడు.

పిల్ల తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అమ్మ అప్పుడే లేవబోతోంది. నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీదంటే చెప్పలేను.

"వాడు చచ్చిపోయాడండీ" అన్నాను, గట్టిగానే.

అన్నేళ్ళలో ఆ మాట మా ఇంట్లో ఎవరూ అనలేదు. అమ్మ నా చేతిలోంచి తన చెయ్యి లాక్కుంది.

డాక్టరు మళ్ళీ పెన్ను తెరిచి, నెమ్మదిగా చెప్పాడు. మనిషి లేనప్పుడు అతని రక్తసంబంధీకులతో పోల్చి చూస్తారు. ఆడపిల్లకు తండ్రి ఇచ్చే ఎక్స్ క్రోమోజోము ఒక్కటే, అది అతనికి వాళ్ళమ్మ ఇచ్చినదే. పిల్ల తల్లి నుంచి వచ్చింది పక్కన పెట్టి, మిగిలినది నాయనమ్మతో కలుస్తుందో లేదో చూస్తారు. చాలా చోట్ల కలవకపోతే ఆ పిల్ల ఆమె మనవరాలు కానట్టే. అక్కనైన నా నమూనా కంటే అమ్మది గట్టిదన్నాడు.

"అంటే, ఆడికి బదులు నానా?" అంది అమ్మ, తనవైపు చూపించుకుంటూ.

"అవునమ్మా."

దూదిపుల్లతో బుగ్గ లోపల తుడిచి తీసుకున్నారు. "నెత్తురు తియ్యరేటి?" అనడిగింది. కొడుకు కోసం ఆ మాత్రం నొప్పయినా లేకపోవడం ఆవిడకు నచ్చలేదు. ఆనాటి నుంచి నాతో మాట్లాడటం మానేసింది. గిన్నెకు మూత పెట్టడం మాత్రం మానలేదు.

ఫలితం వచ్చిన రోజు చీపురుపల్లి ఆమె పిల్లతో సహా మా ఇంటికి వచ్చింది. నేను పైకి చదివాను. అన్నీ కలిశాయి. పిల్ల మాదే. పిల్ల తల్లి గోడకు జారగిలబడి ఏడ్చేసింది. అమ్మ సముద్రం వైపు చూస్తూ కూర్చుంది.

సముద్రం ఎరగని ఊళ్ళో పెరిగిన పిల్ల. మా పద్ధతులు దానికేం తెలుసు? అమ్మ ముందుకెళ్ళి ఒంటికాలి మీద నిలబడి, మేమెవరం నోరెత్తి అడగనిది అడిగేసింది. "మామ్మా, నాన్న ఎప్పుడొస్తాడు?"

అమ్మ మొదటిసారి దాని ముఖం చూసింది, ఆ కాలు కూడా చూసింది.

"రాడే," అంది. "ఆడికి బదులు నానొచ్చినాను."

ఆ సాయంత్రం వాడి గిన్నెలో అన్నం పెట్టి, మూత వెయ్యకుండా పిల్ల ముందుకు జరిపింది. పిల్ల అడుగంటా ఊడ్చి తింది. ఖాళీ గిన్నె చూసి నేను వెక్కి వెక్కి ఏడ్చాను. మా ఇంట్లో తమ్ముడు ఆ సాయంత్రం చచ్చిపోయాడు.